అయిదు లెక్కించుట

ఈ సంవత్సరపు సంచికకు విజ్ఞానసంఘము పక్షమున నొక వ్యాసము వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. సంఘమునకు వచ్చిన బహుమతుల పట్టికను చేర్చి యిత్తుమని వారు తలచియుందురు. బహుమతులు మూడే వచ్చినవి. వానిలో నొకటి ముగ్గుల పోటీలోనిది. కావున పట్టికను విడిచి, నిరుడు మా చేతిమీదుగా జరిగిన యొక పొరపాటును వ్రాయుచున్నాము. ఇది తెలిసినవారు మా పాఠశాలలో పలువురు కలరు. తెలియనివారు వేరొకరి నోట వక్రముగా వినుటకంటె మా నోటనే వినుట మంచిదని తోచినది.

కైకలూరి సంగతి చదువరులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిలు 4వ తేదీ వరకును కృష్ణాజిల్లాలో నుండి, ఆనాటినుండి ఏలూరు జిల్లాలో చేరినది. జిల్లా మారినను చెరువులు మారలేదు. మా తరగతులలో సగముమంది కొల్లేటి లంకలనుండియు, చేపలచెరువుల గట్లమీదనుండియు వచ్చు బిడ్డలు. వలలు అల్లుట, దోనె నడుపుట, చెరువులో గాలి కలుపు యంత్రము అర్ధరాత్రి ఆగిపోయినచో దాని మోటారు విప్పి బాగుచేయుట వీరికి పుస్తకము చూడకయే తెలియును. ఓము సూత్రము మాత్రము తెలియదు. ఆ సూత్రము నేర్పుటకే మేము జీతము తీసికొనుచున్నాము.

భౌతికశాస్త్రపు గదికి వెనుకనున్న చిన్న చావడిలో రోబోలు చేయుట మూడేండ్ల క్రిందట మొదలైనది. కేంద్రప్రభుత్వమువారు 2016 నుండి పాఠశాలలయందు అటల్ టింకరింగ్ ప్రయోగశాలలను నెలకొల్పుచు, ఒక్కొక్కదానికి ఇరువది లక్షల రూపాయలవరకు సాయము చేయుచు వచ్చిరి. దరఖాస్తు వ్రాయుటలో మా ఆలస్యమువలన ఆ భాగ్యము మాకు పట్టలేదు. మాకు దొరకినవి పాత కార్ల అద్దములు తుడుచు వైపరు మోటార్లు రెండు, పండ్రెండు వోల్టుల బ్యాటరీ యొకటి, ఆర్డ్వీనో యను అరచేతంత పలక, ప్లైవుడ్డు చెక్క, వలత్రాడు. రోబో యనుదానిని తెలుగున మరమనిషి యందురు గాని, మా పిల్లలు చేసినదానికి మనిషి పోలిక యేదియు లేదు. బోర్లించిన పీటవలె నుండి, ముందువైపున తిరుగు కఱ్ఱ యొకటి కలిగి, నేలమీది బంతులను లోనికి లాగుకొనును. నేలను అంటిపెట్టుకొని, పట్టుబడక జారిపోవుచుండుటచేత దానికి కొరమీనని పేరు పెట్టిరి.

పోటీ పద్ధతి యిట్టిది. పండ్రెండడుగుల చదరపు బరి. చుట్టును జానెడెత్తు గోడ. ఇరుపక్షముల యంత్రములును రెండు నిమిషములలో బంతులను ఏరి తమ తమ తట్టలలో వేయవలెను. బంతి యొకటికి గుణమొకటి. వినుటకు చిన్నపిల్లల ఆటవలె నున్నది. కాని రెండు యంత్రములు నొక్క బంతికొఱకు వచ్చినప్పుడేమి జరుగును? అక్కడనే చిక్కంతయు నున్నది.

కొరమీనును నడుపు బాలుడు పదవ తరగతివాడు, లంకగ్రామమువాడు, చెడుగుడులో మా పాఠశాల జట్టువాడు. వాడు బంతులను ఏరుటలో మధ్యముడు; ఎదుటివారిని ఏరనీయకుండుటలో మొనగాడు. ఎదుటి యంత్రము తట్టవైపు పోవుచుండగా ప్రక్కనుండి వచ్చి భుజము పెట్టినట్లు తాకి, గోడవరకు నెట్టుకొని పోవును. మొదట చూచినప్పుడు మాకు కోపము వచ్చినది. ఇది చదువుకొన్నవారి ఆటయనియు, పొట్టేళ్ళ పోరు కాదనియు వానిని మందలించితిమి. వాడు తల వంచుకొని, “తోయడం తప్పని రూళ్ళలో ఎక్కడుందండీ?” అని యడిగెను. పుస్తకము తెచ్చి వెదకితిమి. లేదు.

ఆ రాత్రి మేము వివిధ పోటీల నియమావళులను శ్రద్ధగా చదివితిమి. చదువకయే మందలించినందుకు కొంచెము సిగ్గుపడితిమి కూడ. వెక్స్ అను పోటీల నియమములలో, ఆటలో యంత్రములు గట్టిగా తాకుకొనుట సహజమనియు, తాకిడిని ఓర్చుకొనునట్లు యంత్రమును కట్టుకొనుట ఆడువారి పూచీ యనియు నున్నది. బుద్ధిపూర్వకముగా ఎదుటిదానిని పడద్రోయుట, చిక్కుపెట్టుట, విఱుగగొట్టుట దోషము. గోడకు అదిమి కదలనీయకుండ ఉంచవచ్చును గాని అయిదు లెక్కించులోపల విడువవలెను. విడిచి రెండడుగులు వెనుకకు తొలగవలెను. దాడి చేయువానికిని అడ్డువానికిని నడుమ సందేహము వచ్చినచో, గుణములకై ఆడువాని పక్షమున తీర్పు చెప్పుమని రిఫరీకి ఆజ్ఞ. అడ్డుట తప్పు కాదు, కాని అడ్డువాడు జాగ్రత్తగా నుండవలెను. చదువగా చదువగా ఇది మా చెడుగుడే యనిపించినది. కూతకు వచ్చినవాని చీలమండ పట్టి లాగవచ్చును. జుట్టుగాని బట్టగాని పట్టరాదు. బలము తప్పు కాదు. బలము ఎక్కడ పెట్టితిమన్నదే ప్రశ్న.

ఈ పోటీల పుట్టుక కూడ మాకు అప్పుడే తెలిసినది. అమెరికాలో డీన్ కేమెన్ అను యంత్రనిర్మాత 1989లో ఫస్ట్ అను సంస్థను స్థాపించెను. 1992లో న్యూహాంప్‌షైరులోని యొక ఉన్నతపాఠశాల వ్యాయామశాలలో ఇరువదియెనిమిది జట్లతో మొదటి పోటీ జరిగినది. ఆయనకు తోడు నిలిచిన ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ (1943–2019), తీవ్రముగా పోరాడుచునే ఎదుటివారిని గౌరవించుటను ఆ పోటీలకు ధర్మముగా నేర్పెను. ఈ మాటను మావంటి ఉపాధ్యాయులు తరచుగా అపార్థము చేసికొందుము; గౌరవమనగా మెత్తదనమనుకొందుము. ఆ పోటీలలోనే నూరు పౌనులకు పైబడిన యంత్రములు ఢీకొనుచుండును. అందుకే వాని చుట్టును గుడ్డచుట్టిన మెత్తలు కట్టవలెనని నియమము పెట్టిరి. ఆసియా దేశముల కళాశాలలవారికి 2002 నుండి రోబోకాన్ అను పోటీ జరుగుచున్నది. 2008లో అది మన పూనాలో జరిగినప్పుడు ఆటవస్తువు ఉట్టి కొట్టుట! కృష్ణాష్టమినాడు ఉట్టిక్రింద ఒకరినొకరు నెట్టుకొనకుండ ఎవ్వరైన నున్నారా?

ఇట్లు చదివి కొరమీను పక్షమునకు కొంత తిరిగితిమి. పూర్తిగా తిరిగితిమని అప్పుడనుకొంటిమి. కాదని పిమ్మట తేలినది.

నిరుడు పుష్యమాసములో జిల్లాలోని యొక పట్టణపు పాఠశాలవారు పోటీ నడపిరి. వచ్చిన పాఠశాల యొక్కొక్కటి ఒక ఉపాధ్యాయుని రిఫరీగా నీయవలెననియు, ఎవరును తమ పాఠశాల ఆటకు రిఫరీగా నుండరాదనియు ఏర్పాటు. తెల్లవారుజామున బయలుదేరి, పెదయెడ్లగాడి వంతెన దాటునప్పటికి మంచు విడలేదు; నీటిమీద గూడబాతులు వరుసగా తేలుచుండగా పిల్లలు వానిని లెక్కపెట్టుచు, ఒకరి లెక్కకొకరి లెక్క కుదురక తగవులాడుకొనిరి. ఆ తగవు మాకు ఇప్పుడు జ్ఞాపకము వచ్చుచున్నది.

మధ్యాహ్నమునకు కొరమీను నాలుగు ఆటలు గెలిచి ఉపాంత్యమునకు వచ్చినది. ఎదుటివారు వేరొక పట్టణపు బాలికల జట్టు. వారి యంత్రము నాజూకైనది, వేగమైనది. ఆ ఆటకు రిఫరీగా నుండవలసిన పెద్దమనిషికి ఇంటినుండి కబురు వచ్చి బస్సుకు వెళ్ళిపోయెను. తక్కినవారు వేరు బరులయందుండిరి. నిర్వాహకులు ఇరు జట్లను పిలిచి, కైకలూరి మేష్టారుగారు తీర్పు చెప్పుటకు అభ్యంతరము కలదా యని యడిగిరి. బాలికలు లేదనిరి. మావారును లేదనిరి. మేము మాత్రము ఉన్నదని చెప్పియుండవలసినది.

భారతములో గదాయుద్ధమునకు బలరాముడు తీర్థయాత్రనుండి వచ్చి కూర్చుండెను. ఆడువారిద్దరును ఆయనకు శిష్యులే. నాభికి దిగువ కొట్టరాదను నియమము ఆయన నేర్పినదే. భీముడు తొడమీద కొట్టగానే నాగలి యెత్తెను. కృష్ణుడు పట్టి ఆపవలసి వచ్చెను. ఆ కోపములో ధర్మమెంతయో, దుర్యోధనునిమీది ప్రేమ యెంతయో నేటికిని పండితులు తేల్చలేదు. ఇరువైపుల శిష్యులున్న గురువునకే అట్లుండగా, ఒక్క వైపుననే శిష్యులున్న మేము ఆ యీలను చేతబట్టుట సాహసమే. అయినను ఆ క్షణమున మా మనస్సులో నున్న భయము వేరు. మావాండ్ర పక్షము వహింతుమేమో యని కాదు. వహించితిమని నలుగురు అందురేమో యని.

ఆట మొదలైనది. ఒకటిన్నర నిమిషము గడచునప్పటికి మావారికి పదునాలుగు, వారికి పండ్రెండు. బాలికల యంత్రము మూడు బంతులను నింపుకొని తట్టవైపు తిరిగినది. కొరమీను వచ్చి ప్రక్కనుండి తాకి, తట్టకు మూరెడు దూరములో దానిని గోడకు అదిమినది. జనము కేకలు వేయసాగిరి. మేము చేయి ఊపుచు లెక్కించితిమి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఈల ఊదితిమి. ఈల మ్రోగునప్పటికి కొరమీను చక్రములు వెనుకకు తిరుగుచునే యుండెను. అది మా కన్నులకు కనబడినది. కనబడినను దండన విధించితిమి: ఎదుటివారికి అయిదు గుణములు. పిమ్మట బంతి యొకటైనను ఎవ్వరి తట్టలోను పడలేదు. పదునేడు, పదునాలుగు.

కూర్చున్నవారిలో నొకరు, “సొంత పిల్లలకే శిక్ష వేశారు, అదీ న్యాయం!” అని బిగ్గరగా మెచ్చుకొనిరి. మేము తల పంకించితిమి. ఆ మెప్పు మాకు హాయిగా నుండెనని వ్రాయుటకు ఇప్పుడు చేయి ఆడుట లేదు గాని, ఉండెను.

ఇట్టి పోటీలలో తీర్పును ప్రశ్నించుటకు మార్గము కలదు. ఆడిన విద్యార్థి మాత్రమే రిఫరీ వద్దకు వచ్చి అడుగవలెను. ఉపాధ్యాయులుగాని తల్లిదండ్రులుగాని నోరెత్తరాదు. ఆట ముగిసిన కొలది సేపటిలోనే అడుగవలెను. చలనచిత్రము తీసినవారెందరున్నను రిఫరీ దానిని చూడరాదు. మా బాలుడు రాలేదు. కొరమీనును చంకబెట్టుకొని బయటికి నడచెను. తిరుగుప్రయాణములో ఎవ్వరును పక్షులను లెక్కింపలేదు.

చలనచిత్రము చూడరాదను నియమము మొదట మాకు మూర్ఖముగా తోచెడిది. 2023 అక్టోబరు 7వ తేదీన చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ తుదిపోటీని మా పిల్లలతో కలిసి టెలివిజనులో చూచినవారికి ఆ తలంపు కొంత సడలును. భారతదేశమునకును ఇరానునకును ఇరువదియెనిమిదేసి గుణములు. చివరి నిమిషములలో మన నాయకుడు పవన్ సెహ్రావత్ కూతకు పోయి, ఎవ్వరిని తాకకయే హద్దు దాటెను. అతనివెంట ఇరానువారు కూడ ప్రక్క హద్దులోనికి వచ్చిరి. ఒక నియమము ప్రకారము వచ్చినవారందఱును పోయినట్లే. మఱొక నియమము ప్రకారము కూతగాడొక్కడే పోయినట్లు. చిత్రమును చూచిరి, తీర్పు చెప్పిరి, మార్చిరి, మఱల మార్చిరి. ఆటగాండ్రు బరిలో కూర్చుండిరి. దాదాపు గంట ఆట ఆగినది. తుదకు 33–29తో భారతదేశము గెలిచినది. మేము చప్పట్లు కొట్టితిమి గాని, ఆ చిత్రమంతయు చూచినను అక్కడ తేలనిది చిత్రములోని సంగతి కాదు, ఏ నియమము చెల్లునన్న సంగతి. మా విషయమున నియమము స్పష్టమే. లెక్కయే తప్పు.

లెక్క తప్పని మాకెట్లు తెలిసినదో చెప్పెదము. ఆటైన మూడవ వారమున తొమ్మిదవ తరగతికి లోలకము చెప్పుచుంటిమి. దారము పొడవు సుమారు తొంబదితొమ్మిది సెంటీమీటర్లైనచో, గుండు ఆ చివరనుండి ఈ చివరకు వచ్చుటకు సరిగా నొక సెకండు పట్టును. దీనినే సెకండ్ల లోలకమందురు. గుండు దొరకకపోగా ఆ బాలుడే తన తండ్రి వలనుండి సీసపుగుండు నొకదానిని తెచ్చి యిచ్చెను. దూలమునకు కట్టి ఊపితిమి. పిల్లలను చూపులు మరల్చుకొని అయిదు లెక్కింపుడని చెప్పి, వారి లెక్కను గుండు ఊపులతో పోల్చితిమి. నిశ్శబ్దములో చాలమంది అయిదునకు దగ్గరగనే వచ్చిరి. అప్పుడు మాకొక ఆలోచన తట్టినది. సగము తరగతిని లేచి కేకలు వేయుడంటిమి. ఆ కేకలలో మేమే కన్నులు మూసికొని, నాడు ఊపినట్లే చేయి ఊపుచు లెక్కించితిమి. కన్నులు తెరచి, గుండును చూచుచున్న బాలికను ఎన్ని ఊపులమ్మా యని యడిగితిమి.

“మూడున్నరండి.”

మఱల చేసితిమి. మూడున్నర. మూడవసారి నెమ్మదిగా లెక్కించవలెనని పట్టుబట్టి చేయగా నాలుగు. ప్రక్కగదిలో పాఠము చెప్పుచున్నవారు అల్లరి యేమిటని కబురంపిరి. పిల్లలు నవ్వుచుండిరి. మేము మాత్రము దారమును పట్టుకొని గుండును ఆపి, కొంతసేపు దానినే చూచుచు నిలిచితిమి.

సాయంకాలము చావడిలో ఆ బాలుని పిలిచి, నాడు మేము వడిగా లెక్కించితిమనియు, నీవు అయిదునకు ముందే విడిచితివనియు చెప్పితిమి. వాడు ఆశ్చర్యపడలేదు. “తెలుసండీ,” యనెను.

“ఎట్లు తెలియును?”

“ఆ అమ్మాయి చెప్పిందండి. అదే, వాళ్ళ రోబో నడిపినమ్మాయి. ఆట అయ్యాక వచ్చి, తనూ లోపల లెక్కపెట్టుకుందట, నాలుగు కూడా అవలేదంది.”

అదిమినవాడు కాదు, అదుమబడినది సాక్ష్యము చెప్పినది. ఆ బాలిక పేరుకూడ మేము అడిగి తెలిసికొనలేదు. వుడీ ఫ్లవర్స్ చెప్పినదానికి అర్థము ఆమెకు మాకంటె బాగుగా తెలిసినది.

“మఱి అప్పుడే వచ్చి అడుగవలసినది గదా. నియమములో నున్నది గదా,” అంటిమి.

వాడు వైపరు మోటారు మరను బిగించుచు, తల ఎత్తకయే, “మీరు మా మేష్టారు గదండీ. అందరి ముందూ మిమ్మల్నెలా అడుగుతానండి?” యనెను.

ఈ సంగతి మాకు ఆవరకు తట్టలేదు. తన పాఠశాల ఆటకు రిఫరీ కారాదను ఏర్పాటు పక్షపాతమును మాన్పుటకని మాత్రమే తలచియుంటిమి. విద్యార్థికి నియమమిచ్చిన ఒకేయొక హక్కును మా గౌరవము వాని నోటనుండి లాగివేసినది. వేరొక రిఫరీ యైనచో వాడు నిలదీసి అడిగియుండును. వాడు అడుగనివాడు కాడు, తోయుట తప్పని యెక్కడ నున్నదని మమ్మే యడిగినవాడు. తరగతిగదిలో అడుగగలిగి బరిలో అడుగలేకపోయెను. వానికది పదవ తరగతి. మఱొక పోటీ లేదు.

అడ్డి ఆడు ఆటమీద మాకుండిన పూర్వపు అయిష్టము కూడ ఆ లెక్కను తొందరపెట్టినదేమో యని ఆలోచించితిమి. పెట్టియుండును. అదుముట చూడగానే మా చేయి ముందే లేచినది. మంచి పేరు కావలెనను ఆశ యెంత, ఆ అయిష్టమెంత యని విడదీయుటకు మా వద్ద లోలకము లేదు.

నిర్వాహకులకు జరిగినదంతయు ఉత్తరము వ్రాసితిమి. వారు మర్యాదగా ప్రత్యుత్తరమిచ్చిరి: ఆటస్థలమున అడుగని తీర్పు మారదు, గెలిచిన జట్టు అప్పటికే పైపోటీకి వెళ్ళి ఆడి వచ్చినది. అది న్యాయమే. ఆ బాలికలు తప్పేమి చేసిరి? ఆ ఉత్తరమును ఉదయప్రార్థనానంతరము పాఠశాల యెదుట చదివితిమి. కొందఱు ఉపాధ్యాయులు ఇది అనవసరమనిరి. పిల్లలయెదుట పెద్దలు తప్పు ఒప్పుకొన్నచో రేపు ప్రతి మార్కునకు తగవు వచ్చుననిరి. రాకపోలేదు. త్రైమాసిక పరీక్షానంతరము పదునొకండుగురు వచ్చి మార్కులు తిరిగి కూడుమని యడిగిరి. నలుగురికి హెచ్చినవి, ఒకనికి తగ్గినది.

ఈ సంవత్సరము చుట్టుప్రక్కల పాఠశాలలనుండి ఆరు జట్లను పిలిచి మా చావడియందే చిన్న పోటీ నడపితిమి. మా పాఠశాల ఆటలకు ఇతరులే రిఫరీలు. తక్కినవానికి మేము నిలిచితిమి. నోటితో బిగ్గరగా, చేయి బారచాచి ఊపుచు, ఇరువైపులవారికిని వినబడునట్లు లెక్కించితిమి. బరికి ప్రక్కన స్తంభమునకు సెకండ్ల లోలకమును వ్రేలాడదీసి, దానిని ఊపుటకును, మా లెక్క దానికి ముందు పోయినచో చేయి యెత్తుటకును ఒకనిని నియమించితిమి. ఇంటర్మీడియేటు చదువుచున్న మా పూర్వవిద్యార్థి, కొరమీను నడపినవాడే, అందుకు వచ్చెను. ఉదయమునుండి సాయంకాలమువరకు రెండుసార్లు చేయి యెత్తెను. మొదటిసారి ఎత్తుటకు కొంచెము జంకెను. రెండవసారి జంకలేదు, “మేష్టారండీ, నాలుగేనండి!” అని అందఱును వినునట్లు కేక వేసెను. ఈలను దింపి, మఱల అయిదవది లెక్కించితిమి. అదిమిన యంత్రము విడిచి వెనుకకు పోయినది.

కొరమీను ఇప్పుడు తొమ్మిదవ తరగతివారి చేతిలో నున్నది. మోటారొకటి మార్చవలసి వచ్చినది. లోలకము స్తంభమునకే యున్నది. వలకు సీసపుగుండు ఒకటి తక్కువైనదనియు, నీటిలో ఒక ప్రక్క పైకి తేలుచున్నదనియు బాలుని తండ్రి రెండుసార్లు చెప్పి పంపెను. వేరొక గుండు దొరకగానే దానిని తిరిగి యీయవలసియున్నది.